ఆయుధపూజా, వెనక బంపరూ

దసరా సంచికకి జీపు బంపరు గురించి రాస్తానంటే మన సంపాదకవర్గంలోని మిత్రులు కాస్త తటపటాయించారు. "మన సంస్కృతికి సంబంధించింది ఏదైనా రాయకూడదా?" అన్నారు. నా మనవి ఏమిటంటే, దసరాకి ఇంతకన్నా దగ్గరి విషయం నాకు తోచలేదు. పనిముట్లకంటూ ఒక పండగ పెట్టుకున్న జాతి మనది. కమ్మరి సుత్తికి, వడ్రంగి ఉలికి, రైతు నాగలికి, డ్రైవరు స్టీరింగుకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే రోజు ఆయుధపూజ. ఇక్కడ మన ఇళ్ళలో ఆ పూజ అందుకుంటున్నవి ఏవి? లాప్‌టాపు, స్టెతస్కోపు, పిల్లల కాలిక్యులేటరు, కారు తాళంచెవులు. టయోటా చక్రం కింద ఒక నిమ్మకాయ. అవీ పనిముట్లే, కాదనను. కాని గరాజు గోడకి వేలాడే రెంచీకీ రంపానికీ బొట్టు పెట్టిన ఇల్లు నేను అరుదుగా చూశాను. చాలా ఇళ్ళలో అసలవి ఉండనే ఉండవు. కుళాయి కారితే ప్లంబరు, గోడకి మేకు కొట్టాలంటే హాండీమాన్.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన పిల్లలు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, హైస్కూలు దాటి వెళ్ళేలోగా నిజంగా బరువు మోసే వస్తువు ఒక్కటైనా తమ చేతులతో తయారుచెయ్యాలి. బొమ్మ కాదు, సైన్సు ఫెయిరు అట్టపెట్టె కాదు. సరిగ్గా చెయ్యకపోతే ఎవరికైనా దెబ్బ తగిలే వస్తువు. నాకు తెలిసిన ఉదాహరణ వెనక బంపరు. మా అమ్మాయీ నేనూ కలిసి తన 2004 మోడలు జీపు రాంగ్లర్‌కి చేసింది అదే కనక దాని గురించే చెబుతాను.

జీపు మనకేమీ పరాయిది కాదు. రెండవ ప్రపంచయుద్ధం కోసం 1941లో భారీ ఎత్తున తయారీ మొదలైన బండి అది. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టాక మన ఊళ్ళకి వచ్చింది. తహసీల్దారు గారి జీపు, పోలీసు జీపు, మైకు కట్టిన ఎలక్షను జీపు అంటే చాలు, మన వయసు వాళ్ళకి ఆ దుమ్ము వాసన కూడా గుర్తుకొస్తుంది. లోపల చోటు చాలక వెనక బంపరు మీద కాలు పెట్టి వేలాడే జనాన్ని చూసే మనం పెరిగాం. ఆ బంపరు మనిషి బరువు మోసేది. ఇప్పుడు వస్తున్న చాలా బళ్ళకి వెనక కనిపించేది పైకి ప్లాస్టిక్కు తొడుగు. దాని మీద కాలు పెడితే విరిగేది అదే.

రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ బంపరు చాలు. కాని మా అమ్మాయికి కొండదారుల పిచ్చి. సియెర్రా నెవాడా కొండల్లో లేక్ టాహో వైపు వెళ్ళే రూబికాన్ ట్రెయిల్ వంటి దారుల్లో రోడ్డుండదు, ఏనుగంతేసి గ్రానైటు బండలుంటాయి. ముందు చక్రాలు బండ దిగాక వెనక భాగం ధన్‌మని కిందికి వస్తుంది. అప్పుడు ముందు రాయికి తగిలేది వెనక బంపరు, దాని వెంటనే పెట్రోలు టాంకు. ఈ మోడల్లో టాంకు వెనక ఇరుసుకి కూడా వెనకే ఉంటుంది. ఇంకొక సమస్య స్పేరు టైరు. బండల కోసం 33 అంగుళాల టైర్లు వేస్తే ఒక్కొక్కటి రిమ్ముతో కలిపి 80 పౌన్ల దాకా తూగుతుంది. ఫ్యాక్టరీ వాడు చిన్న టైరు కోసం చేసిన వెనక తలుపుకి అంత బరువు తగిలిస్తే కొన్నాళ్ళకి తలుపు సాగుతుంది, కీళ్ళు చిట్లుతాయి. అందుకని టైరు బరువు తలుపు మీంచి తీసి బంపరు మీద పెట్టాలి. టైరు మోసే చెయ్యి గేటులా పక్కకి తెరుచుకోవాలి. పనంతా ఇంతే. వినడానికి తేలిగ్గా ఉంది.

మా అమ్మాయి ముందు కాగితం మీద కూర్చుంది. దూలానికి 4 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల వెడల్పు, 3/16 అంగుళం మందం ఉన్న స్టీలు గొట్టం అనుకున్నాం. ఘనపుటంగుళం స్టీలు 0.283 పౌన్లు తూగుతుంది. ఆ లెక్కన 54 అంగుళాల దూలం 37 పౌన్లు అని తేల్చింది. కొట్టు నుంచి తెచ్చాక బాత్రూము తూకం మీద పెట్టి చూసుకుంది. సరిపోయింది. ఆ సంతోషం నేను ఆమె గణితం మార్కుల్లో ఎన్నడూ చూడలేదు. తరవాత టైరు చెయ్యి. గేటు పూర్తిగా తెరిచినప్పుడు టైరు మధ్యభాగం కీలుకి 30 అంగుళాల దూరంలో ఉంటుంది. 80 పౌన్లని 30తో గుణిస్తే 2400 అంగుళం-పౌన్లు, అంటే 200 అడుగు-పౌన్లు. చక్రం నట్టు బిగించే బలానికి సుమారు రెట్టింపు. బండి గుంతలో పడి ఎగిరినప్పుడు ఇది మూడింతలు కావచ్చు. మామూలు తలుపు కీలు దీనికి ఆగదు. అందుకే తెలిసినవాళ్ళు ఇక్కడ ట్రెయిలరు ఇరుసు మొన, దాని హబ్బు, బేరింగులు వాడతారు. భౌతికశాస్త్రం పుస్తకంలో టార్కు అనే మాట చదివిన పిల్లకీ, గేటు తెరిచి ఆ బరువు భుజానికి తగిలించుకున్న పిల్లకీ చాలా తేడా ఉంది.

ఇక అతుకు. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట వెల్డింగు క్లాసుకి ఇద్దరం వెళ్ళాం. అక్కడ నేర్పే పెద్దాయన ఓడల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లలు వేసిన వెల్డు ఎంత అందంగా ఉన్నా మెచ్చుకోడు. నాణేలు వరసగా పేర్చినట్టు కుదురుగా ఉన్న వెల్డుని కూడా రంపంతో అడ్డంగా కోసి చూపిస్తాడు, లేదా వైసులో బిగించి సుత్తితో వంచమంటాడు. పైకి చక్కగా కనిపిస్తూ లోపల అసలు అతుక్కోని వెల్డు ఉంటుంది. ఇనుము తగినంత కరగకుండా పైన కరిగిన తీగ మాత్రమే పరుచుకుంటే అలా అవుతుంది. మా అమ్మాయి మొదటి ముక్కలు ఒక్క దెబ్బకి విడిపోయాయి. మూడో వారానికి ఇనుము వంగింది కాని అతుకు వదల్లేదు. "నాన్నా, దీన్ని మాటలతో ఒప్పించలేం" అంది. మార్కులు టీచరు వేస్తుంది, అడ్మిషను కమిటీ వేస్తుంది, వాళ్ళని మెప్పించడం ఒక విద్య. ఇనుముకి మెప్పులతో పనిలేదు. మన పిల్లలకి మెప్పించే విద్య బాగానే వచ్చు. ఈ రెండో విద్య ఎక్కడ నేర్పుతున్నాం?

బంపరుకి ఇంకో బాధ్యత ఉంది. బురదలో దిగబడ్డ బండిని ఇంకొక బండి తాడుతో లాగేటప్పుడు ఆ తాడు తగిలించేది దీనికే. ముప్పావు అంగుళం షాకిలు మీద 4¾ టన్నులని ముద్ర ఉంటుంది. అది చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. షాకిలు ఎంత గట్టిదైనా, దాన్ని పట్టుకున్న రేకు దూలం ముఖానికి ఊరికే అతికించి ఉంటే ఆ అతుకు ఊడివస్తుంది. ఊడిన ఇనుపముక్క సాగిన తాడు బలంతో ఫిరంగి గుండులా ఎగిరి ఎదటి బండి అద్దంలోంచి దూసుకుపోతుంది. ట్రెయిలరు బాలుకి తాడు తగిలించి లాగితే అది విరిగి మనుషులు చనిపోయిన సందర్భాలు ఈ దేశంలో ఉన్నాయి. అందుకని ఆ రేకుని అంగుళం మందంతో చేసి, దూలాన్ని కోసి ఇటునుంచి అటు దూర్చి, రెండు ముఖాల దగ్గరా వెల్డు చేస్తారు. బంపరుని చాసిస్ చివరి అడ్డదూలానికి మాత్రమే బిగించి వదిలెయ్యకుండా పక్క కమ్మీలకి కూడా పట్టీలు వేసి బోల్టులు బిగిస్తారు. ఇవన్నీ రంగు వేశాక పైకి కనిపించవు. కనిపించని చోట సరిగ్గా చెయ్యడం అనే గుణానికి మన భాషలో నిజాయితీ అని పేరు.

వెనక బంపరు మనకోసం మాత్రమే ఉన్నది కాదని కూడా పిల్లలకి చెప్పాలి. మన వెనక వచ్చే కారులోని వాళ్ళకి ముందు తగిలేది అదే. ఈ దేశంలో బంపర్ల గురించి ఫెడరల్ నిబంధన ఒకటుంది. గంటకి రెండున్నర మైళ్ళ వేగంతో తగిలితే బండి దెబ్బతినకూడదని దాని సారాంశం. 1982లో దీన్ని అయిదు మైళ్ళ నుంచి తగ్గించారు. అది మామూలు కార్లకే వర్తిస్తుంది, జీపులకీ ట్రక్కులకీ వర్తించదు. అంటే మనం ఎంత మొండి ఇనుము పెట్టుకున్నా ఆ నిబంధన అడగదు. రాష్ట్ర చట్టాలు కొంత అడుగుతాయి, మిగిలింది మన మనస్సాక్షి అడగాలి. చివరలు సూదిగా ఉండకూడదు, అవసరానికి మించి వెనక్కి పొడుచుకు రాకూడదు. ఈ మోడలుకి మూడో బ్రేకు లైటు స్పేరు టైరు పైన ఉంటుంది. పెద్ద టైరు పెడితే దాని వెనక దాక్కుంటుంది, కాబట్టి పైకి జరపాలి. నంబరు ప్లేటూ దాని దీపమూ కనిపించే చోటికి మార్చాలి. ఇవి చేస్తేనే పని పూర్తయినట్టు.

ఇంతోటి ఇనుపకమ్మీకి ఇంత ఉపన్యాసమా అని ఎవరైనా అంటే ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2013లో ఈ దేశపు రోడ్డు భద్రతా సంస్థ ఒత్తిడి మీద క్రైస్లర్ కంపెనీ 1993-98 గ్రాండ్ చెరొకీ, 2002-07 లిబర్టీ మోడళ్ళు సుమారు 15 లక్షల జీపులని వెనక్కి పిలవడానికి ఒప్పుకుంది. వాటిలో కూడా పెట్రోలు టాంకు ఇరుసు వెనకే ఉంటుంది. వెనకనుంచి గుద్దినప్పుడు మంటలు లేచి మనుషులు పోయారన్నది ఫిర్యాదు. మరి కంపెనీ ప్రతిపాదించిన మరమ్మతు ఏమిటి? వెనక ఒక ట్రెయిలరు హిచ్ బిగించడం. టాంకు వెనక కాస్త ఇనుము ఉంటే తక్కువ వేగంలో తగిలే దెబ్బలకి కొంత మేలని దాని ఉద్దేశం. బండి వెనక ఉండే కమ్మీ అలంకారం కాదని ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మనవాళ్ళ అభ్యంతరాలు. మొదటిది డబ్బు. "కొనుక్కోక ఎందుకండీ ఈ తంటా?" నిజమే, టైరు చెయ్యితో సహా తయారుగా దొరికేవి వెయ్యి డాలర్లు పైబడతాయి, మాకు స్టీలు, బోల్టులు, హబ్బు, రంగు కలిపి అందులో సగం కూడా కాలేదు. కాని క్లాసు ఫీజూ, హెల్మెట్టూ, తొమ్మిది వారాంతాలూ కలుపుకుంటే మిగిలిందేమీ లేదు. డబ్బు కోసం అయితే చెయ్యకండి. కూచిపూడి నేర్పించేటప్పుడు టిక్కెట్టు కొని చూస్తే చవక కదా అని ఎవరమూ లెక్క వెయ్యం.

రెండోది ప్రమాదం. ఇది న్యాయమైన భయం. మన సంఘంలో డాక్టర్లు ఎక్కువ కనక వివరంగా చెబుతాను. వెల్డింగు వెలుగు కళ్ళకి నేరుగా తగిలితే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. జింకు పూత ఉన్న ఇనుము మీద వెల్డు చేస్తే ఆ పొగకి చలిజ్వరం వస్తుంది. అన్నిటికన్నా ఘోరమైనది, క్లోరిన్ ద్రావకాలున్న బ్రేకు క్లీనరుతో తుడిచిన ఇనుము మీద వెల్డు చెయ్యడం. దాన్నుంచి ఫాస్జీన్ పుట్టవచ్చు, మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుగా వాడింది అదే. పెట్రోలు టాంకు పక్కన నిప్పురవ్వలు ఎగరకూడదు కనక బంపరుని బండి మీంచి దింపి దూరంగా పెట్టే వెల్డు చెయ్యాలి. నూలు బట్టలు, తోలు చేతితొడుగులు, పక్కన మంటలార్పే సిలిండరు, పని ఆపాక కూడా కనీసం అరగంట కాపలా. ఇవన్నీ నిజం. అయితే పదహారేళ్ళు నిండగానే మూడువేల పౌన్ల కారు ఇచ్చి ఫ్రీవే మీదికి పంపుతున్నాం కదా. ప్రమాదం అంటే ఏమిటో, దానికి ముందు జాగ్రత్త అంటే ఏమిటో చేతికి తెలిసిన పిల్లలు ఆ కారుని కూడా మెరుగ్గా నడుపుతారని నా నమ్మకం.

మూడోది ఎవరూ గట్టిగా అనరు. ఒక విందులో మిత్రులొకరు అడిగారు: "మీ అమ్మాయి వెల్డింగు నేర్చుకుంటోందట కదండీ, కాలేజీ అప్లికేషను కోసమా?" "కాదండీ, బంపరు కోసం" అన్నాను. ఆయన నవ్వి, గొంతు తగ్గించి, "అంతవరకైతే ఫరవాలేదు లెండి" అన్నారు. ఆ మాటలోనే ఉంది అసలు సంగతి. చేతిపని అభిరుచి అయితే ముచ్చట, వృత్తి అయితే తలవంపు. నాకు తెలిసిన తెలుగు కుర్రవాడు ఒకడు ప్రీమెడ్ రెండో ఏట వదిలేసి లిఫ్టులు బిగించే పనిలో అప్రెంటీసుగా చేరాడు. తెలివైనవాడు, ఆ పని మీద ప్రేమ ఉన్నవాడు. నలుగురిలో తల్లిదండ్రులు "కొన్నాళ్ళు బ్రేకు తీసుకుంటున్నాడు" అని చెబుతారు. ఆ కుర్రవాడు మన పండగలకి రావడం మానేశాడు. మనం ఎవరమూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనవలసిన అవసరం కూడా లేకుండానే అతనికి అర్థమైంది.

ఈ చిన్నచూపు మనం ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నది కాదు, ఊరినుంచి మోసుకొచ్చింది. ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారం పనిచేసే పంచాణం వారిని విశ్వకర్మ సంతతి అని కీర్తించాం, ఊళ్ళో మాత్రం వాళ్ళ మాటకి ఎంత విలువ ఇచ్చామో మనకి తెలుసు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీగారు చేతిపని ద్వారానే చదువు చెప్పాలని ప్రతిపాదించారు. అది మన బళ్ళలో తకిలీ పీరియడుగా మిగిలి, ఆనక ఆ పీరియడు కూడా పోయింది. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో వర్క్‌షాపు ఉంటుంది: ఆకురాయితో వీ-ఫిట్టు, వడ్రంగంలో హాఫ్‌లాప్ జాయింటు. అది ఎవరు పూర్తిచేసి పెట్టేవారో, వర్క్‌షాపు అటెండరు చేతిలో ఏం పెడితే పని నున్నగా వచ్చేదో చదివిన వాళ్ళని అడగండి. యంత్రం గురించి రాసేవాడికి డిగ్రీ, చేసేవాడికి టీ డబ్బులు.

అయినా చెయ్యగలవాళ్ళు మనలో లేరా? కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు (1893-1974) బడి చదువు అంతగా లేనివాడు. ఒక మోటారు సైకిలు కొని, విప్పి, మళ్ళీ బిగించి యంత్రాల మర్మం తెలుసుకుని, బస్సులు నడిపి, మోటార్లు తయారుచేసిన మనిషి. విజయవాడ ఆటోనగరుకి వెళ్ళినవాళ్ళకి తెలుసు: ఒట్టి చాసిస్‌గా వచ్చిన లారీకి బాడీ అంతా అక్కడే కడతారు. డ్రాయింగు కన్నా ముందు కంటితో కొలత తీసే మేస్త్రీలు వాళ్ళు. మంచి డాక్టరుని మనం "హస్తవాసి ఉన్నవాడు" అంటాం. వైద్యం బుర్రలోనే కాదు చేతిలో కూడా ఉందని ఒప్పుకున్న భాష మనది. ఆ హస్తవాసి మేస్త్రీకి కూడా ఉంటుందని ఒప్పుకోవడానికి ఏం అడ్డు?

పిల్లలందర్నీ వెల్డర్లు కమ్మని నేను చెప్పడం లేదు. మా అమ్మాయి ఏం చదువుతుందో తనకే ఇంకా తెలియదు. డాక్టరైతే సర్జను చేతికి పనికొస్తుంది, ఇంజనీరైతే తను గీసిన గీత ఎవరో ఒకరు వెల్డు చెయ్యాలని గుర్తుంటుంది. ఆ కుర్రవాడిలా చేతిపనే జీవనం చేసుకుంటే, అప్పుడు మనం దాన్ని గర్వంగా చెప్పుకునే స్థితిలో ఉండాలి.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. సంగీతానికి, నాట్యానికి, తెలుగు బడికి మనకి తరగతులున్నాయి. వచ్చే ఏడాది నుంచి నెలకొక శనివారం ఎవరి గరాజులోనైనా పనిముట్ల తరగతి పెడదాం. వెల్డింగుతోనే మొదలుపెట్టనక్కర్లేదు, పెద్దమనిషి కూర్చున్నా విరగని బల్ల చేస్తే చాలు, దాని మీద మనమే కూర్చుని పరీక్షిద్దాం. మనలో మెకానికల్ వాళ్ళున్నారు, సివిల్ వాళ్ళున్నారు, మన అమ్మానాన్నల్లో ఊళ్ళో నాగలి దిద్దినవాళ్ళూ మిషను కుట్టినవాళ్ళూ ఉన్నారు; వీసా మీద ఆరు నెలలు వచ్చి టీవీ ముందు విసుగ్గా కూర్చునే ఆ పెద్దలే మొదటి గురువులు కావచ్చు. లిఫ్టుల పనిలో ఉన్న ఆ కుర్రవాణ్ణి కూడా పిలుద్దాం, అతిథిగా కాదు, నేర్పేవాడిగా. నేనైతే నా గరాజు ఖాళీ చేసి ఉంచాను. ఆసక్తి ఉన్నవారు దసరా సభలో నన్ను కలిసి పేరు ఇవ్వండి. పిల్లలకి నూలు బట్టలు వేసి పంపండి.